ఇల్లు చేరని నాలుగు-పన్నెండు

ఇంతవరకూ ఎవరి ముందూ నోరు తెరిచి చెప్పని మాట ఒకటుంది. చచ్చిపోయిన మనిషి నంబరు కనబడితే గాని నాకు నిద్ర పట్టేది కాదు. భయంతో కాదు. హాయిగా. చంటిపిల్లకి జోల పాడితే పట్టినట్టు.

ముందు గారిటీ క్వారీ సంగతి చెప్పాలి.

మా ప్రూయిట్ కౌంటీలో పట్టపగలైనా ఆ క్వారీ పక్క మలుపు దగ్గర కారు ఆపేవాళ్ళు లేరు. సున్నపురాయి తవ్వి తవ్వి వదిలేసిన గొయ్యి అది. నిలువునా కోసిన రాతి గోడలు, అడుగున ఆకుపచ్చ నీళ్ళు. చలికాలం ఆ నీళ్ళు గడ్డకడతాయి — ఒక పక్క లారీ ఎక్కినా పగలనంత గట్టిగా, ఇంకో పక్క పిల్లి నడిచినా ఆగనంత పల్చగా. ఏ పక్క ఏదో చూసి చెప్పగలిగినవాడు పుట్టలేదు.

అయితే దానికి చెడ్డపేరు నీళ్ళ వల్ల రాలేదు. మాటల వల్ల వచ్చింది. పోలీసు కారు ఆ మలుపు తిరిగేసరికి రేడియోలో మాట సగంలో తెగిపోతుంది. అక్కడికెళ్ళిన అంబులెన్సుని రేడియోలో పిలిస్తే జవాబుండదు... ఎప్పుడో, వాళ్ళు మళ్ళీ కొండెక్కాక వస్తుంది. రాతి గోడలు సిగ్నల్ని అడ్డుకుంటాయని చదువుకున్నవాళ్ళు అంటారు. మా నానమ్మ ఓపల్ అలా అనదు.

"ఆ గోతికి గొంతులంటే ఆకలి" అంటుంది.

మా ఇల్లు క్వారీకి ఎదురు కొండ మీద. వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన నానమ్మ స్కానర్ ఎప్పుడూ వాగుతూనే ఉండేది. పోలీసులూ, ఫైరింజన్లవాళ్ళూ, అంబులెన్సువాళ్ళూ కంట్రోల్ రూముతో మాట్లాడుకునేవన్నీ అందులో వినబడతాయి. మా వైపు ముసలమ్మలందరి వంటిళ్ళలోనూ అదే మోత. ఎవరి గుండె ఆగింది, ఎవరి గడ్డివాము అంటుకుంది, ఎవరి మొగుడు తాగి కారుతో సహా గుంటలో పడ్డాడు — మాకు పేపరూ అదే, సీరియలూ అదే.

నానమ్మకి కొన్ని పట్టింపులు. విన్నది కడుపులో పెట్టుకోవాలి గాని వేలు పెట్టకూడదు. "మనం వినేవాళ్ళమే పిల్లా. ఫోన్లు చేసి పెత్తనం చేశామా, రేపట్నించి మనకి వినబడకుండా తాళం వేసుకుంటారు." ఇంకోటి, అందరూ ఇల్లు చేరేదాకా లైటు ఆర్పకూడదు.

మా ఫైర్ స్టేషన్లో జీతగాళ్ళు ఎవరూ లేరు. రైతులూ, మెకానిక్కులూ, కొట్లు నడుపుకునేవాళ్ళూ పిలుపు రాగానే మంచం మీంచి లేచి పరిగెడతారు. పనయ్యాక ఒక్కొక్కడూ ఇల్లు చేరి, రేడియోలో తన నంబరు చెప్పి "ఇంటికి" అంటాడు. కంట్రోల్ రూములో గేల్ బదులుగా టైము చదువుతుంది. అంతే మాట. నానమ్మ వేళ్ళు ముడుచుకుంటూ కూర్చుని, ఆఖరివాడు కూడా "ఇంటికి" అన్నాక లేచి లైటు ఆర్పేది.

రేడియోలన్నీ డిజిటల్‌కి మార్చిన ఏడు నానమ్మ పాత స్కానర్ మూగబోయింది. తాతయ్య పోయినప్పుడు కూడా ఆవిడ అంత దిగాలు పడలేదు. నేను బడి మధ్యలో మానేసి, పెట్రోలు బంకులో కాఫీ, పిజ్జా ముక్కలూ అమ్ముకునేదాన్ని. అయినా పట్టుబట్టి డిజిటల్ స్కానర్ కొన్నాను. రాత్రులు కూర్చుని, వీడియోలు చూసి, తప్పులు చేసి, మా కౌంటీ మాటలన్నీ అందులో పడేలా నేనే అమర్చుకున్నాను. ఆ కొత్తదానిలో ఒక గుణం ఉంది. ఎవరు బటన్ నొక్కినా చిన్న తెర మీద వాళ్ళ రేడియో నంబరు వెలుగుతుంది. మాట్లాడకపోయినా సరే. ఊపిరి బిగబట్టి ఊరికే నొక్కినా సరే.

నాలుగు-పన్నెండు డ్యూయీ రస్క్ నంబరు.

ట్రాక్టర్లు బాగుచేసేవాడు. నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. అతని భార్య లీటా మా బడి బస్సు నడిపేది. నేను పొద్దున ఆలస్యమైతే హారన్ కొట్టకుండా, తలుపు తెరిచి పెట్టుకుని, ఎంతసేపైనా ఆగేది.

ఈ చలికాలం మొదట్లో ఒక రాత్రి క్వారీలో కారు పడిందని పిలుపు వచ్చింది. పగిలిన మంచు కింద హెడ్‌లైట్లు ఇంకా వెలుగుతున్నాయట. మిగతావాళ్ళు పైన తాళ్ళు సిద్ధం చేస్తుంటే, డ్యూయీ అవతలి వైపు నించి దిగి చూసొస్తానని వెళ్ళాడు.

పైనుంచి పిలిచారు. నాలుగు-పన్నెండు... నాలుగు-పన్నెండు...

జవాబు లేదు.

ఎవరూ కంగారు పడలేదు. క్వారీ కదా, మాట రాదులే, పైకెక్కాక పలుకుతాడు అనుకున్నారు. నేనూ వింటున్నాను. నేనూ అదే అనుకున్నాను. మా కౌంటీలో పుట్టినవాడెవడైనా అదే అనుకుంటాడు. అలా అనుకుంటూ వాళ్ళు నిలబడి ఉన్నంతసేపూ అతను మంచు కింద ఉన్నాడు.

మర్నాడు మనిషిని తీశారు. రేడియో దొరకలేదు. గోతి అడుక్కి పోయుంటుందన్నారు. కారులో ఎవరూ లేరు. దొంగిలించి తిరిగి, సరదా తీరాక ఎవరో తోసేసిన కారు.

మా వైపు ఫైర్ మనిషి పోతే ఆఖరి పిలుపు ఇస్తారు. చర్చిలో శవపేటిక ముందు స్పీకరు పెడతారు. కంట్రోల్ రూము అతని నంబరు మూడుసార్లు పిలుస్తుంది. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఎవరూ కిక్కురుమనరు. మూడోసారి కూడా జవాబు రాకపోతే, ఇతని కాపలా ముగిసింది, ఇక మేం చూసుకుంటాం అని చెప్తారు. ఆ కాసేపూ కౌంటీలో ప్రతి స్కానర్ దగ్గరా ఎవరో ఒకరు తల వంచుకుని ఉంటారు.

నేను బంకులో ఉన్నాను, స్కానర్ వెంట తెచ్చుకుని కౌంటర్ మీద పెట్టుకున్నాను. కాఫీ పోసుకుంటున్న లారీ డ్రైవరు కప్పు కింద పెట్టేశాడు.

"నాలుగు-పన్నెండు" అంది గేల్.

నిశ్శబ్దం.

"నాలుగు-పన్నెండు."

నిశ్శబ్దం.

"నాలుగు-పన్నెండు... డ్యూయీ రస్క్."

టక్.

అంతే. ఎవరో బటన్ నొక్కి వదిలిన చప్పుడు. డ్రైవరు పట్టించుకోలేదు. కానీ నా తెర మీద నంబరు వెలిగింది... 412.

గేల్ మాట ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. ఏడుస్తోందనుకున్నారు అందరూ. ఆవిడ ముందు కూడా అలాంటి తెరే ఉంటుందని నాకు తెలుసు.

ఆ రాత్రి చర్చి నించి వచ్చి నానమ్మ సూపు తాగుతూ అంది, "లీటా చేతులు మంచుముక్కలే. రెండూ నా చేతుల్లో పెట్టుకుని చివరిదాకా రాస్తూనే ఉన్నాను, వేడెక్కితే ఒట్టు." నేను చూసింది ఆవిడకి చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి రాత్రీ, కౌంటీ అంతా సద్దుమణిగాక... టక్. 412. మాట లేదు. గేల్ అతి మెల్లగా టైము చదివేది. ఒంటిగంట పది. ఒంటిగంట ఇరవై. డ్యూయీ ఉన్నప్పుడు ఎలా చదివేదో అలాగే. అది వినగానే నా కళ్ళు మూతలు పడేవి. అందరూ ఇల్లు చేరారు. ఇక లైటు ఆర్పెయ్యొచ్చు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

మా కౌంటీ స్కానర్ వినేవాళ్ళకి నెట్‌లో ఒక పేజీ ఉంది. సైరన్ వినబడితే చాలు, ఏమైంది ఏమైంది అని మూగుతారు. అందులో నన్ను ఎవరూ లెక్కచేసేవారు కాదు. తెర మీద 412 వెలిగినప్పుడు ఫోటో తీసి పెట్టాను. గోతి అడుగునించి డ్యూయీ రస్క్ పలుకుతున్నాడు, అని రాశాను.

తెల్లారేసరికి నేను రాణిని.

డ్యూయీ ఇంకా డ్యూటీ దిగలేదన్నమాట, అన్నాడొకడు. కింద టవర్ బాగా అందుతోందా, అన్నాడింకొకడు. పెళ్ళాం పోరు పడలేక అక్కడే కాపురం పెట్టాడంది ఒకావిడ. నేను కూడా నవ్వే బొమ్మ పెట్టాను. ఆ శనివారం రాత్రి గారిటీ మలుపులో కార్లు బారులు తీరాయి. బీరు డబ్బాలు, హారన్లు, గోతిలోకి టార్చిలైట్లు. "నాలుగు-పన్నెండు, పలకరా" అని కేకలు. ఆ కేకలు మా కొండ మీదికి వినబడుతుంటే, నానమ్మ కిటికీ మూసేసి నా వైపు తిరగకుండా అంది:

"ఇదెవరి ఘనకార్యమో గాని, వాళ్ళ చావుకి కూడా ఇలాగే జనం రావాలి."

ఆవిడకి పేజీలు చూడడం రాదు.

ఆ వారంలోనే లీటా బంకుకి వచ్చింది. కాఫీ కప్పు పట్టుకుని, తాగకుండా, నా కౌంటర్ దగ్గర నిలబడింది. మనిషి సగమైపోయింది.

"మార్లీ, ఆ నంబరు కనబడేది... అది నీ మిషన్లోనా?"

అవును ఆంటీ అన్నాను. గొప్పగానే అన్నాను.

"మాట్లాడకపోయినా తెలిసిపోతుందా?"

"మాట్లాడక్కర్లేదు. నొక్కితే చాలు."

"ఎక్కడినించి నొక్కారో కూడా తెలుస్తుందా?"

తెలియదు గాని, ఇంకెక్కడినించి ఆంటీ, గోతిలోనించే కదా, అన్నాను. భర్తని పూడ్చిపెట్టుకున్న మనిషితో. ఆవిడ తల ఊపింది. కప్పు మీద మూత సరిగ్గా పెట్టింది. తీసి మళ్ళీ పెట్టింది.

"గేల్‌కి కూడా కనబడుతుందన్నమాట" అంది, తనలో తాను. "ఇన్నాళ్ళూ తెలిసే టైము చెప్పిందన్నమాట."

వెళ్ళిపోయింది. ఆ రాత్రి నంబరు వెలగలేదు. మర్నాడు కూడా.

నేను చదువుకోలేదు గాని మొద్దుని కాను. రేడియో నీళ్ళలో లేదు. లీటా దగ్గరుంది. రాత్రిపూట మొగుడి నంబరు ఒక్కసారి నొక్కి, గేల్ టైము చెప్తే విని పడుకుంటోంది. నానమ్మ లైటు ఆర్పినట్టు. నాకు నిద్ర పట్టినట్టు. ఇందులో దెయ్యమెవరూ లేరు.

అప్పుడే ఆ ఫోటో తీసేసి ఉండాలి. పేజీలో జనం, ఏమైంది డ్యూయీ పలకడం లేదా అని నన్నే అడుగుతున్నారు. నన్నే. దెయ్యం అలిగింది, అని రాశాను. మూడు వందల మంది నవ్వారు.

ఇంకో రాత్రి ఉండబట్టలేక కాబోలు, మళ్ళీ నొక్కింది. కంట్రోల్ రూములో గేల్ లేదు. చచ్చినవాడికి టైము చెప్పినందుకు పై అధికారి ఆవిడని పగలు డ్యూటీకి మార్చాడు. కొత్త గొంతు కరుగ్గా పలికింది: "ఈ నంబరు వాడుతున్నదెవరో గాని, ఇది నేరం." మర్నాటికల్లా ఆ నంబరు టవర్ ఎక్కకుండా ఆపేశారు. నాలుగు-పన్నెండుని రెండోసారి చంపినట్టయింది.

గేల్ పెట్రోలు పోయించుకుని డబ్బులిస్తూ నా మొహంలోకి చూసింది.

"టైము చెప్తే నా సొమ్మేం పోయింది? విని ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది, పిల్లా?"

ఆ మాట గుచ్చుకుంది. అందుకే ఈ రాత్రి నిద్ర రాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇదంతా రాస్తున్నాను. రేపు లీటా దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామని. ముందు కాగితం మీద చెప్పుకుంటే నోరు పెగులుతుందేమోనని.

ఇంత రాశానో లేదో, పేజీలో ఒక ఫోటో పడింది.

గారిటీ మలుపు నించి ఎవరో కుర్రాళ్ళు తీశారు. కింద గోతిలో, మంచు నడిమధ్యన, పొడుగాటి ఫైర్ కోటు వేసుకున్న ఆకారం. తల వంచుకుని నిలబడి ఉంది. డ్యూయీని కళ్ళారా చూశాం, ఒట్టు, ఇంక చచ్చినా ఇటు రాం, అని రాశారు. కార్లు తిప్పుకుని పారిపోయారట. కింద అప్పుడే జనం మూగుతున్నారు. అమ్మ బాబోయ్ అనేవాళ్ళు, పళ్ళికిలించేవాళ్ళు. కాళ్ళున్నాయా లేవా చూడండర్రా, అన్నాడొకడు.

ఫోటో పెద్దది చేసి చూశాను. కోటు మోకాళ్ళు దాటింది. కోటు చేతులు వేళ్ళని కూడా కప్పేశాయి. డ్యూయీ ఆరడుగుల మనిషి. ఆ కోటు అతనికి సరిగ్గా ఉండేది.

మంచు మీద ఉన్నది బతికున్న మనిషి. అయినా ఎవరూ ఫోన్ చెయ్యరు. దెయ్యం కోసం అంబులెన్సుని ఎవరు పిలుస్తారు?

స్కానర్ వెలిగింది.

412.

టవర్ మీద కాదు. మంటల దగ్గర తమలో తాము మాట్లాడుకోవడానికి ఫైరువాళ్ళకి ఒక చిన్న ఛానల్ ఉంటుంది. అది టవర్ ఎక్కదు. కంటికి ఆనినంత దూరమే పోతుంది. కంట్రోల్ రూముకి వినబడదు. గోతికి ఎదురు కొండ మీద ఇల్లుండి, ఇంత రాత్రి స్కానర్ ముందు కూర్చున్నవాళ్ళకి వినబడుతుంది. అలాంటిదాన్ని నేనొక్కదాన్నే.

గాలి చప్పుడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"గేల్..." గుసగుస. "గేల్, టైమెంత?"

ఎవరూ పలకలేదు.

"నాలుగు-పన్నెండు... ఇంటికి."

ఎవరూ పలకలేదు.

"నీకు చెప్పాలి గేల్. రేడియో ఆయన తీసికెళ్ళలేదు. చార్జర్ మీద మరిచిపోయాడు. వాళ్ళు పిలుస్తుంటే మా వంటింట్లో మోగింది. మంచం మీంచి నేను వింటూనే ఉన్నాను." ఎక్కడో మంచు మూలిగింది, పాత మంచంలాగా. "రేడియో మరిచిపోయి వచ్చాడని తెలిస్తే నలుగురిలో నవ్వులపాలవుతాడని... ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని పడుకున్నాను. ఒక్క ఫోన్, గేల్. వాళ్ళు ఆగకుండా కిందకి దిగేవాళ్ళు."

వేలు తీసింది. తెర ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది.

"చర్చి నించి వచ్చేదాకా దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చార్జర్ మీద అలాగే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఒట్టు."

అయితే ఆ రోజు చర్చిలో, ఈమె రెండు చేతులూ నానమ్మ చేతుల్లో ఉన్నప్పుడు... ఆ టక్...

వద్దు. అది తర్వాత.

ఆమె అక్కడ నిలబడి చెప్తుంటే నేనిక్కడ కూర్చుని రాసుకుంటున్నాను, చూడండి. నా రోగం ఇదే. చేతిలో ఉన్నది పెన్ను. ఫోన్ బల్ల మీద ఉంది.

ఫోన్ చేస్తే పేరు అడుగుతారు. ఆ ఫోటోలు పెట్టినదానివేనా అంటారు. ఇంకో ఆకతాయి వేషం అనుకుంటారు. అప్పుడు అన్నీ చెప్పాలి — దెయ్యం అనుకుంటున్నది ఎవరినో, దెయ్యాన్ని చేసిందెవరో, ఎన్నాళ్ళనించి తెలుసో. రేపు నానమ్మకి కూడా తెలుస్తుంది.

స్కానర్లో మళ్ళీ మంచు విరిగే చప్పుడు. ఈసారి పొడుగ్గా.

పక్కగదిలో మంచం కిర్రుమంది. నానమ్మ గొంతు, నిద్రలోంచి:

"లైటు ఇంకా వెలుగుతోందేమే? ఇల్లు చేరనిదెవరు?"

"లీటా, నానమ్మా."

మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు. తర్వాత, తన జన్మలో ఎన్నడూ అనని మాట అంది.

"మరి విని ఊరుకున్నావేం?"

పెన్ను పెట్టేస్తున్నాను. ఫోన్ చేస్తున్నాను.